రెడ్డెమ్మ ఓటు ఏ ఊరిది

తిరుపతి వెళ్లొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ చెయ్యి చాపారు, ప్రసాదం కోసం. ఈసారి నా దగ్గర లడ్డూ లేదు. నేను కొండ ఎక్కలేదు. ఊరి చివర ఇంకో గుట్ట పక్కనున్న కాలనీకి వెళ్లాను, అక్కణ్ణుంచి పలమనేరు అవతల ఒక పల్లెకు వెళ్లాను. అంతదూరం పోయి మొక్కు తీర్చుకోకుండా వచ్చినందుకు మా వదిన ఇంకా సణుగుతూనే ఉంది. నేను చూసింది ఆవిడకు చెప్పబోతే మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. అందుకే రాస్తున్నాను.

నాది అమలాపురం దగ్గర ఒక ఊరు. ఉద్యోగమంతా హైస్కూల్లో సోషల్ చెప్పాను. ‘పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి పౌరుడికీ ఓటు హక్కు ఉంటుంది’ అని ఎన్ని తరగతుల చేత వల్లె వేయించానో నాకే తెలియదు. పిల్లలు ఎక్కువున్న చోట జనంలో ఓటర్ల పాలు తక్కువనీ, పెద్దవాళ్లు ఎక్కువున్న చోట ఆ పాలు పెరుగుతుందనీ బోర్డు మీద గీతలు గీసి చూపించేదాన్ని. సుద్దముక్కతో గీసేటప్పుడు అదంతా చాలా శుభ్రంగా కనిపించేది.

గుట్ట కింద కాలనీ

మా చెల్లెలి కాపురం తిరుపతిలో. ఎండలు తగ్గే వేళకు ఆమె దగ్గర కొన్నాళ్లుందామని వెళ్లాను. వాళ్లింట్లో పని చేసే రెడ్డెమ్మ వరసగా రెండు రోజులు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. అంట్లగిన్నెల ముందు కూర్చుని మా చెల్లెలు నా వైపు అదోలా చూస్తుంటే, ఆ చూపు తప్పించుకోవడానికి నేనే వెళ్లి కనుక్కొస్తానన్నాను. సంచిలో నాలుగు బత్తాయిలు వేసుకుని ఆటో ఎక్కాను.

తారు రోడ్డు ఒక మలుపులో ఆగిపోయింది. అక్కడి నుంచి మట్టి దారి, దారికి రెండు వైపులా రేకుల ఇళ్లు. ప్రతి గుమ్మం ముందూ నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, డ్రమ్ము మూతకు గొలుసు, గొలుసుకు తాళం. నగలకు తాళం వేయడం చూశాను, ధాన్యానికి వేయడం చూశాను. మా కోనసీమలో కాలవ గట్టు మీద పుట్టినదాన్ని, నీళ్లకు తాళం వేయడం మాత్రం ఇదే చూడటం. వాటి మధ్య పిల్లలు. ఇంతమంది పిల్లల్ని ఒక్కచోట నేను రిటైరైన రోజు బడి ఆవరణలో చూశాను, మళ్లీ ఇక్కడే.

రెడ్డెమ్మ ఇల్లెక్కడని అడిగితే పక్క గుమ్మంలోంచి ఒకామె తల బయటపెట్టింది. పేరు సుభద్ర అని తరవాత తెలిసింది. ఒడిశా నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ భార్య. నా సంచిని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, “ఊరికి పోయుండాది. ఎప్పుడొస్తాదో తెలీదు” అంది. ఆ మాట చక్కగా, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. ఇంకేం అడిగినా నవ్వడం తప్ప ఆమెకు తెలుగు రాదు. బత్తాయిలు ఆ పిల్లలకే పంచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే రెడ్డెమ్మ పనిలోకి వచ్చింది. నడివయసు దాటిన మనిషి, సన్నగా, నడుస్తుంటే కాస్త ముందుకు వంగినట్టుంటుంది. చీపురు అందుకుంటూ, “నువ్వు వచ్చినావంట గదక్కా. నేను లోపల్నే పడుకోనుంటిని. జొరం” అంది.

“మరి ఊరికి పోయావందే ఆ అమ్మాయి?”

“సుభద్ర మంచిదిలేక్కా. సంచి పట్టుకోని ఎవురన్నా వచ్చి పేరు పెట్టి అడిగితే, ఊరికి పోయుండారనే సెప్తాము మేమంతా. ఫైనాన్సోళ్లు అప్పు వసూలుకు వస్తారు గదా. ఒకరికొకరు ఆ మాత్రం సెప్పుకోకపోతే యెట్ల? నీ సేతిలో సంచి ఉండె.”

కాలనీకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట నేర్చుకునే తెలుగు మాట అదేనట. మా చెల్లెలు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడైతే నవ్వను.

ఆ రోజు కూరలు తరుగుతూ రెడ్డెమ్మ తన ఇబ్బంది చెప్పింది. కాలనీకి నీళ్ల గొట్టం ముందు వీధి దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందని ఆడవాళ్లంతా వెళ్లి ఒక నాయకుణ్ణి అడిగారు. “మీ వీధిలో ఓట్లెన్నమ్మా అని అడిగి నగినాడక్కా” అంది. ఓట్లు నిజంగానే లేవు. ఒడిశా వాళ్ల ఓట్లు ఒడిశాలో, బీహారు వాళ్లవి బీహారులో. పలమనేరు, పుంగనూరు పక్కల నుంచి వచ్చిన తెలుగువాళ్ల ఓట్లు వాళ్ల పల్లెల్లో. మిగిలింది పిల్లలు, వాళ్లకు పద్దెనిమిది నిండాలంటే ఇంకా చాలా నీళ్లు మోయాలి. అందుకని తెలుగు కుటుంబాల వాళ్లంతా కూడబలుక్కుని ఓట్లు తిరుపతికి మార్పించుకుందామని నిర్ణయించుకున్నారు. అందరూ సరేనన్నారు. రెడ్డెమ్మ ఒక్కతే ఆగింది.

“నా వల్లనే నీళ్లు రాలేదంటారు రేపు. అయినా నాకు కాలు ఆడలేదక్కా” అంది.

కాలు ఆడకపోవడానికి కారణం ఉంది. వాళ్ల బండకాడిపల్లెలో ఒక కట్టుబాటు. గంగమ్మ జాతరకు ప్రతి ఇంటివాళ్లూ రాగి అంబలి కాచి తెచ్చి ఒకే గంగాళంలో పోస్తారు. జనం బెంగళూరుకూ తిరుపతికీ చెదిరిపోవడం మొదలయ్యాక, ఎవరు ఊరివాళ్లు, ఎవరు కారు అనే తగువు వచ్చింది. ఓటు ఊళ్లో ఉన్నవాళ్లే ఊరివాళ్లని అప్పటి పెద్దలు తీర్పు చెప్పారు. ఓటు తీసేసుకున్నవాళ్లు జాతరకు రావచ్చు, అంబలి తాగొచ్చు, పోయడానికి లేదు. అంబలి పోయనివాళ్లకు మిట్ట మీద చోటు లేదు. మిట్టంటే వాళ్ల శ్మశానం. అక్కడ రెడ్డెమ్మ మొగుడు ఉన్నాడు, పక్కన ఆమె కోసం ఒక చోటు వదిలి ఉంది.

“ఆయప్ప పక్కన పడుకోవాలని ఉండాదక్కా నాకు. ఇంగేం అడగలేదు నేను ఎవుర్నీ” అంది. ఊరికి వెళ్లి, ఓటు మార్చుకున్నా మిట్ట మీద చోటు ఇస్తారా అని పెద్దల్ని అడగాలని ఆమె ఆలోచన. తోడు వస్తానన్నాను. కాణిపాకం చూసినట్టవుతుందని మా చెల్లెలికి చెప్పాను.

పూతలపట్టు

కూడలి దగ్గర బస్సు ఆగిపోయింది. ముందంతా మామిడికాయల ట్రాక్టర్లు, గుజ్జు ఫ్యాక్టరీ వైపు బారులు తీరి ఉన్నాయి. కొందరు రైతులు నిన్నటి నుంచీ అక్కడే ఉన్నారట. ఒకాయన ట్రాక్టరు నీడలో తుండు పరుచుకుని కూర్చుని మాకు టీ ఇప్పించాడు. మా వైపు ముక్కూ మొహం తెలియనివాళ్లకు టీ ఇప్పించాలంటే ముందు ఊరూ పేరూ అడుగుతారు. ఈయన టీ అయిపోయాక అడిగాడు.

“కాయ ధర ఎలా ఉంది?” అన్నాను.

“కోసిన కూలి కూడా రాదమ్మా. ఈడే పారబోసి పోదామంటే ట్రాక్టరు బాడుగ ఇయ్యాల గదా.”

రోడ్డు వారన నిజంగానే ఎవరో పారబోసి వెళ్లిన తోతాపురి కాయలు కుప్పగా ఉన్నాయి. ఆవులు కూడా ముట్టడం లేదు, విసుగు పుట్టినట్టుంది. మా గోదావరి వాళ్లకు మామిడిపండంటే రసం కారాలి, మోచేతి దాకా నాకాలి. తోతాపురి మాకు ఆనదు. రెడ్డెమ్మ మాత్రం ఆయన ఇచ్చిన పచ్చికాయను రాయికేసి పగలగొట్టి, కొంగున కట్టుకొచ్చిన ఉప్పూకారం అద్ది నా నోటికి అందించింది. పుల్లగా, తియ్యగా, బ్రహ్మాండంగా ఉంది. ఇంకోటి అడగడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

ఆ రైతు మేం వెళ్తున్న పని ఏమిటో విని, తుండు దులిపి మళ్లీ పరుచుకున్నాడు. తరవాత, “మా ఊర్లో కూడా అట్లనేలేమ్మా. ఓట్లరోజు సూడాల. బెంగళూరు నించి బస్సులేసి తెస్తారు. ఆ ఒక్కరోజు ఊరు కళకళలాడతాది. పొద్దు గూకేతలికి బస్సులు పోతాయి. ఆ రోజు సూసేదానికన్నా సూడకుండా ఉండేదే మేలనిపిస్తాది” అన్నాడు. ట్రాక్టర్లు అడుగు ముందుకు జరిగాయి. ఆయన లేచి వెళ్లిపోయాడు.

కాణిపాకం

వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే అంతే సంగతులని ఈ సీమలో నమ్మకం. పొలం గట్ల తగాదాలు, మొగుడూ పెళ్లాల అనుమానాలు, అన్నీ ఇక్కడికొచ్చి తేల్చుకుంటారు. మా వైపు కోర్టుకు పోతారు, తేలదు.

కొబ్బరికాయలమ్మే ఆమెను ఆటపట్టించాలనిపించి, ఓటుకు డబ్బు తీసుకోలేదని కూడా ప్రమాణం చేస్తారా అని అడిగాను. ఆమె కాయ పీచు తీస్తూ తలెత్తకుండానే జవాబిచ్చింది. “దుడ్లు తీసుకున్నోళ్లు ఈడికి రారమ్మా. ఇచ్చినోళ్లు వస్తారు, గెలిపించు సామీ అని.”

ఆమెకు ఓటు గుడియాత్తం దగ్గర, అత్తగారి ఊళ్లో, అంటే తమిళనాట. అంగడి మాత్రం ఇక్కడే, పెళ్లైనప్పటి నుంచీ. ఇక్కడి ఎన్నికలప్పుడు ఎవరూ తన అంగడి ముందు ఆగరని, అక్కడి ఎన్నికలకు పోతే తన మొహం ఎవరికీ గుర్తుండదని చెప్పింది. చెప్పడంలో బాధేమీ లేదు, కాయ ధర చెప్పినట్టే చెప్పింది. కొండ గుడి కంటే ఇక్కడ కాయ చవక, అది మాత్రం రాసుకోండి.

రెడ్డెమ్మ దర్శనంలో చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. వెనకవాళ్లు తోస్తున్నా కదలలేదు. బయటికొచ్చాక ఏం కోరుకున్నావని అడిగాను. “సెప్తే జరగదక్కా” అంది. ఊరి పెద్దలు ఒప్పుకోవాలని కోరుకుని ఉంటుందని నేను అనుకున్నాను.

చిత్తూరు

ఆ సాయంత్రం చిత్తూరులో దిగాం. నా కాలి చెప్పు తెగింది. కొత్తవి కొనడానికి వెళ్తే అంగడతను తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగించాడు. ఇక్కడ ఒకే వాక్యానికి రెండు రాష్ట్రాలు ఉంటాయి. 

హోటల్లో రాగి సంగటి, ఊరిబిండి పెట్టారు. ఊరిబిండంటే వేరుశనగలు, మిరపకాయలు వేసి రోట్లో నూరిన పచ్చడి. సంగటి ముద్దను నేను అన్నంలా నమలబోతే రెడ్డెమ్మ ఆపింది. “నమలకూడదక్కా. ముంచుకోని మింగెయ్యాల.” మింగాను. గొంతులో దిగుతున్నంత మేరా తెలిసింది. మా తిండిలో కూర ఎక్కువ, వీళ్ల తిండిలో బలం ఎక్కువ.

హోటలాయన పెద్దమనిషి, కబుర్ల పోగు. పేపరు మా ముందు పరిచి, “జనాన్ని బట్టి పార్లమెంటు సీట్లంటాండారు. పిలకాయల్ని తక్కువ కనండంటే కన్నాం. ఆ ఉత్తరాదోళ్లు వినలేదు, వాళ్లకు సీట్లు పెరుగుతాయంట. మాట విన్నోడికి మొట్టికాయ” అన్నాడు.

నాలోని సోషల్ టీచరు మేలుకుంది. అదంత తేలిక కాదనీ, అక్కడ జనం ఎక్కువే గానీ అందులో ఓటు లేని పిల్లలు ఎక్కువనీ, ఇక్కడ జనం తక్కువే గానీ అందులో ఓటున్న పెద్దలు ఎక్కువనీ, తలలు లెక్కపెట్టడం వేరు, ఓట్లు లెక్కపెట్టడం వేరనీ పాఠం మొదలుపెట్టాను. ఆయన తలూపుతున్నాడు. అంతదాకా చేతులు కడుక్కుని పక్కన కూర్చున్న రెడ్డెమ్మ, “అక్కా, మా ఊర్లో పిల్లోళ్లే లేరు. ఉండేటోళ్లందరికీ ఓటుండాది. అయితే మేము గట్టోళ్లమా?” అని అడిగింది.

అది ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. హోటలాయన నా వైపు చూశాడు. నేను మజ్జిగ అడిగాను.

పలమనేరు

బంగారుపాళెం దాటి, మొగిలి ఘాట్ ఎక్కేసరికి గాలి మారిపోయింది. పలమనేరులో దిగగానే శాలువా కప్పుకోవాల్సి వచ్చింది. రెడ్డెమ్మ నవ్వి, “మీ సముద్రమోళ్లకు ఇదే సలి. మార్గళిలో, ధనుర్మాసం సలిలో వస్తే యేం సేస్తావు?” అంది. తన ఊరి గాలి తగిలేసరికి మనిషిలో ఏదో మార్పు వచ్చింది. నడుం కాస్త నిటారైంది. దారిలో కనిపించిన ప్రతి చేనూ ఎవరిదో చెప్పుకొచ్చింది. చెప్పిన ప్రతిసారీ చివర ఒకే మాట. ఆయప్ప బెంగుళూర్లో ఉండాడు, ఆయమ్మ హోసూర్లో ఉండాది, వాళ్లు తిరుపతిలోనే మా వెనక వీధి.

బస్టాండు దగ్గర పాల క్యాన్ల మోత, టమోటా బుట్టల తోపులాట. ఊరు బతికే ఉంది అనిపించింది. ఆటోలో పల్లె వైపు తిరిగాక ఆ మోత ఆగిపోయింది.

బండకాడిపల్లె

ఊళ్లోకి సిమెంటు రోడ్డు ఉంది. కొత్తది, తెల్లగా, మధ్యలో ఎక్కడా పగుల్లేదు. ప్రతి స్తంభానికీ పట్టపగలే వెలుగుతున్న దీపం. నీళ్ల ట్యాంకు నిండి పైనుంచి కారుతోంది, కింద మడుగులో రెండు బర్రెలు పడుకున్నాయి. కారిపోతున్న ఆ నీళ్లను చూసి రెడ్డెమ్మ చటుక్కున ఆగింది. చెయ్యి చాపి దోసిలి పట్టింది, తాగలేదు, అలాగే వదిలేసింది. ఇక్కడ ఓట్లున్నాయి కాబట్టి రోడ్డు వచ్చింది, దీపం వచ్చింది, నీళ్లు వచ్చాయి. మనుషులు మాత్రం గుట్ట కింద డ్రమ్ములకు తాళాలు వేసుకుని ఉన్నారు. కోపంతో నాకు చెవులు వేడెక్కాయి, ఎవరి మీద కోపమో తెలియలేదు.

ఇళ్లకు తాళాలు. తలుపుల మీద పోయిన ఎన్నికల కాగితాలు, ఒకదాని మీద ఒకటి. బడి ఉంది, తాళం వేసి. ఓటింగు ఆ గదిలోనే జరుగుతుందట, ఆ రోజుకు మాత్రం తెరుస్తారు. వీధి పొడుగునా నడిచినా ఒక ఏడుపు, ఒక బంతి, ఆరేసిన ఒక చిన్న గౌను కనబడలేదు. ఊరంతా కలిపినా ఓటు హక్కు లేని మనిషి ఒక్కరు లేరు. నేను బోర్డు మీద గీసిన గీతల్లో ఇలాంటి ఊరు ఒకటి ఉండొచ్చని నాకు ఎప్పుడూ తట్టలేదు.

చెంగల్రాయప్ప ఇంటి అరుగు మీద ముగ్గురు పెద్దలు కూర్చుని ఉన్నారు. చెంగల్రాయప్ప వాళ్లందరిలోకీ పెద్ద, ఊరి మాట ఆయనదే. రెడ్డెమ్మకు వరసకు మామ. ఆమె చెప్పులు దూరంగా విడిచి, కొంగు భుజం నిండా కప్పుకుని నిలబడింది. ముసలాయన భార్య మాకు లోటాలతో అంబలి తెచ్చి ఇచ్చింది. చల్లగా, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలతో.

“ఏం పాపా, బాగుండావా?” అన్నాడు చెంగల్రాయప్ప.

“బాగుండా మామా.”

ఆమె విషయం చెప్పింది. దారిలో నాకు చెప్పినదానికంటే పొట్టిగా, తడబడుతూ చెప్పింది. కాలనీలో నీళ్లు, అందరూ మార్చుకుంటున్నారు, తను మార్చుకోకపోతే మాట వస్తుంది. “నేను అంబలి పొయ్యకపోయినా సరే మామా. ఆయప్ప పక్కన సోటు మాత్రం ఉంచుతారా అని అడిగిపోదామని వస్తిని” అంది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను గట్టి వాదానికి సిద్ధపడ్డాను. కట్టుబాట్లు మనుషుల కోసమే గానీ కట్టుబాట్ల కోసం మనుషులు కాదని, ఇంకా చాలా మాటలు మనసులో పేర్చుకున్నాను. ఏదీ అవసరం పడలేదు.

“మార్చుకో పాపా. దానికేముండాది” అన్నాడు చెంగల్రాయప్ప.

“సోటు, మామా?”

“సోటుకేం. మిట్టంతా సోటే. యాడ కావాలంటే ఆడ.”

“మరి కట్టుబాటు?”

రెండో ఆయన అందుకున్నాడు. “ఈ ఏడు జాతర సెయ్యలేదమ్మా. నీకు తెలీదా? సాటింపు యేసేవాడు లేడు. గంగాళం దించే మనిషి లేడు. అంబలి మా ఇంటిది మేమే తాగితిమి.”

రెడ్డెమ్మ లోటా రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. చెంగల్రాయప్ప గొంతు సవరించుకున్నాడు. ఆయన మాటలో కాఠిన్యం ఏమీ లేదు, అదే భరించలేకపోయాను.

“సూడు పాపా, నువ్వు దూరం నించి వచ్చినావు, ఉండే మాట సెప్తాండా. పోయిన నెల మా తమ్ముడు పోతే, మోసేదానికి నలుగురు కావాల గదా. మేము ముగ్గురం నిలబడితిమి. నాలుగో మనిషి కోసం పక్కూరికి పోయి ఒకాయన్ని పిలుసుకొస్తిమి. ఆయప్ప వచ్చేదాకా శవాన్ని కిందనే పెట్టుకోని కూసోనుంటిమి. ఓట్లు సూస్తే ఊరు నిండా ఉండాయి. నీకు సోటిస్తాము, రాసిమ్మన్నా రాసిస్తాము. నిన్ను మిట్టకు తీసకపోయేదెవురు? అప్పటికి మేముంటామా?”

ముసలామె వచ్చి ఖాళీ లోటాలు తీసుకుని వెళ్లింది. రెడ్డెమ్మ లోటాలో అంబలి అలాగే ఉంది, దాన్ని ఆమె చేతిలోంచి మెల్లిగా విడిపించాల్సి వచ్చింది.

మిట్ట

మిట్ట ఊరికి పడమర. సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు, మధ్యలో రాళ్ల గుర్తులు. రెడ్డెమ్మ మొగుడి రాయి చుట్టూ ముళ్లకంప పెరిగింది. ఆమె చేత్తోనే పీకడం మొదలుపెట్టింది. నేనూ వంగాను, వేలికి ముల్లు గుచ్చుకుంది, మానలేదు. పక్కన ఆమె చోటు ఉంది, ఒక మనిషి పడుకునేంత. అక్కడ పల్లేరు కాసింది. అది కూడా శుభ్రం చేసింది.

అయ్యాక ఆ చోటులోనే కూర్చుని ఏడ్చింది. బిగ్గరగా కాదు. ఊళ్లో వినేవాళ్లు లేరని నాకు అప్పుడు తోచింది, బిగ్గరగా ఏడ్చినా ఒకటే.

“వాళ్లు ఒప్పుకున్నారు కదా రెడ్డెమ్మా” అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అంటున్నప్పుడే తెలిసింది.

“వద్దనాలని మొక్కుకుంటినక్కా కాణిపాకంలో. నువ్వు మా మనిషివి, నీ ఓటు ఈడే ఉండాల, తీస్తే మేము వొప్పుకోమని కసురుకోవాలని. ఒక్కరన్నా అనలేదే.”

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఎన్నో ఊళ్లు తిరిగాను, ఎన్నో గుళ్లు చూశాను. ఇంత దిక్కుతోచనితనం నాకు ఎక్కడా కలగలేదు. కాలనీలో మనుషులకు విలువ లేదు, ఓట్లు లేవు కనుక. ఇక్కడ ఓట్లున్నాయి, వాటికి కాళ్లూ చేతులూ లేవు. ఈ రెండింటి మధ్య బస్సు టికెట్టు కొనుక్కుని తిరుగుతున్న ఈ మనిషి ఏ లెక్కలోకి వస్తుందో, జీవితమంతా ఓట్ల లెక్కలు పాఠంగా చెప్పిన నాకు తెలియలేదు.

వచ్చేటప్పుడు చెంగల్రాయప్ప భార్య ఒక సంచి నిండా రాగిపిండి తెచ్చి రెడ్డెమ్మ చేతిలో పెట్టింది. “ఆడైనా కాసుకోని తాగు పాపా” అంది.

మళ్లీ తిరుపతి

బస్సులో రెడ్డెమ్మ రాగిపిండి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పూతలపట్టు దగ్గర ట్రాక్టర్లు అలాగే ఉన్నాయి. నేను ఆ రైతు కోసం చూశాను, కనపడలేదు. పారబోసిన కాయల కుప్ప మాత్రం పెద్దదైంది.

మరుసటి వారం కాలనీలోని తెలుగువాళ్లందరితో పాటు రెడ్డెమ్మ కూడా ఓటు మార్పు కోసం దరఖాస్తు పెట్టింది. నేనే తోడు వెళ్లాను. ఇంటికి మనిషి వచ్చి, అక్కడే ఉంటున్నారో లేదో చూసుకుంటాడని, ఆ తరవాత పేరు ఎక్కుతుందని చెప్పారు. ఆ సాయంత్రం కాలనీ ఆడవాళ్లు రెడ్డెమ్మను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. సుభద్ర పిల్లలు నన్ను గుర్తుపట్టి బత్తాయిలు అడిగారు. అందరి మొహాల్లో నీళ్లు వచ్చేసినంత సంబరం. రెడ్డెమ్మ కూడా కొంచెం నవ్వింది. దాన్ని చూసి నేను మనసు కుదుటపరుచుకుని ఊరికి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక

మా చెల్లెలు ఫోన్ చేసింది. ముందు ఏవేవో చెప్పి, చివర్లో రెడ్డెమ్మ సంగతి చెప్పింది.

దరఖాస్తులు సరిచూసుకోవడానికి ఆ మనిషి కాలనీకి వచ్చాడట. మధ్యాహ్నం పూట, అందరూ పనుల్లో ఉన్న వేళ. చేతిలో సంచి. పేరు పెట్టి అడిగాడు, రెడ్డెమ్మ ఉందా అని. సుభద్ర తల బయటపెట్టి, తడుముకోకుండా చెప్పింది, ఊరికి పోయుండాది, ఎప్పుడొస్తాదో తెలీదు అని. ఆ వీధిలో ఇంకా చాలామంది పేర్లకు పక్కవాళ్లు అదే జవాబు చెప్పారు. అతను అందరినీ ఇక్కడ లేరని రాసుకుని వెళ్లాడు, దరఖాస్తులు కొట్టేశారు. ఏం చేస్తాడు పాపం, విన్నది రాసుకున్నాడు.

ఇక పల్లెలో. అక్కడ కూడా ఆ రోజుల్లోనే ఎవరో ఓటర్ల జాబితా సరిచూసుకోవడానికి వచ్చి చెంగల్రాయప్పను అడిగారు. ఆయన నిజాయితీ మనిషి. ఆయమ్మ ఓటు తిరుపతికి మార్చుకునిందయ్యా, నాతో సెప్పే పోయింది అన్నాడు. అక్కడ పేరు కొట్టేశారు.

నేను రెడ్డెమ్మకు ఫోన్ చేశాను. ఆమె గొంతు మామూలుగానే ఉంది. మళ్లీ దరఖాస్తు పెట్టొచ్చు, నేను వస్తాను, ఈసారి దగ్గరుండి చేయిస్తానని గబగబా చెప్పాను. ఆమె అంతా విన్నది.

“పెడితే మళ్లా సంచితో మనిసి వస్తాడు గదక్కా” అంది. తరవాత, “సుభద్ర ఏడస్తాండాది, నేనే ఊరుకోబెట్టినా. ఆ బిడ్డ నా మంచికే సెప్పింది. మామ నా మంచికే సెప్పినాడు. ఈడడిగితే ఆడికి పోయిందనినారు, ఆడడిగితే ఈడికొచ్చిందనినారు. మరి నేను యాడుండానక్కా?”

పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి పౌరుడికీ. నాలుక చివర దాకా వచ్చింది ఆ వాక్యం. మింగేశాను. అవతల ఎవరో కేకేశారు, నీళ్ల బండి వచ్చిందని. డ్రమ్ము తాళం తీయాలక్కా అని రెడ్డెమ్మ ఫోన్ పెట్టేసింది.